గడ్డిమంట, దాలినిప్పు



ఇక్కడ ఏమైనా వ్రాసి చాలా కాలమైంది. ఛందస్సును గురించి మొదలుపెట్టిన వ్యాసపరంపర సగంలో నిలిచిపోయిందని ఒకరిద్దరు మిత్రులు గుర్తు చేశారు కూడా. దానికి మరొకసారి వస్తాను. ఈనాటి టపా సాహిత్యాన్ని గురించి కాదు. అయినా ముప్ఫైమూడేళ్ళు తెలుగు చెప్పిన పంతులు ఏది వ్రాసినా మధ్యలో ఒక పద్యం దగ్గర ఆగక మానడు కనుక, సాహిత్యాభిమానులు కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

విషయమిది. ఊరి మంచిచెడ్డలు పట్టించుకొనే మనిషి ఎంతకాలం పట్టించుకోగలడు? విసిగి వేసారి తలుపు వేసుకొని కూర్చోకుండా పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఆ పని చేయడం ఎట్లా? ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో తటస్థపడినది కాదు. ఒకసారి పూర్తిగా అలసి, పడిపోయి, లేచిన తరువాత నాకు నేనే వేసుకొన్నది.

మాది కోయిలకుంట్ల. కుందూనదికి చేరువలో నల్లరేగడి నేలల నడుమ ఉన్న ఊరు. 2018లో ఉద్యోగవిరమణ చేశాను. ఆనాటి సభలో శాలువా కప్పినవారందరూ ఇక హాయిగా విశ్రాంతి తీసుకొమ్మన్నారు. నాకు మాత్రం విశ్రాంతి మీద మనసు లేదు. ఇన్నేళ్ళూ పిల్లలకు పౌరధర్మాన్ని గురించి వ్యాసాలు వ్రాయించానే తప్ప నేనేం చేశానన్న వెలితి ఒకటి ఉండేది. ఉద్యోగి నోరు కట్టేసినట్లే ఉంటుంది. ఆ కట్టు విప్పగానే నోరూ, కలమూ రెండూ ఒక్కసారిగా లేచాయి.

మురుగుకాలువల మీద ఒక అర్జీ. వీధిదీపాల మీద ఒకటి. ఏదో బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదని ఒకటి. వేలిముద్ర పడక పింఛను ఆగిపోయిన ముసలమ్మ కోసం ఒకటి. పొలానికి పోయే దారి, తాగునీటి గొట్టం, బస్సుల వేళలు, చెరువు గట్టు మీద కంపచెట్లు. ఏడాదిన్నరలో నలభైకి పైగా అర్జీలు వ్రాశాను. అన్నీ చక్కని దస్తూరితో, అచ్చుతప్పు లేకుండా, సంధులు చెడకుండా వ్రాసినవే. సోమవారం వచ్చిందంటే చంకన సంచీ పెట్టుకొని బయలుదేరేవాణ్ణి. అప్పట్లో మా జిల్లాకేంద్రం కర్నూలు. ఉదయం పోతే చీకటిపడి ఇల్లు చేరడమే. ప్రజల విన్నపాలు వినే దినం సోమవారం కదా, నాకు మాత్రం అది కలహదినమై కూర్చుంది. వినేవారు వినిపించుకోకపోతే గొంతు పెంచేవాణ్ణి. వినిపించుకొంటే మరీ పెంచేవాణ్ణి.

ఇంటికి వచ్చాక కూడా ఆ మంట ఆరేది కాదు. అన్నం ముందు కూర్చొని ఆనాటి అవమానాలన్నీ మా ఆవిడకు అప్పజెప్పేవాణ్ణి. రాత్రి నిద్ర పట్టక చేతిఫోను తెరిస్తే, దేశంలోని అన్యాయాలన్నీ వాట్సాపులో నాకోసమే వరుసలో నిలబడి ఉండేవి. రక్తపోటు మాత్ర ఒకటి రెండైంది. ఆవిడ ఒకనాడు కంచం తీస్తూ, "మీది గడ్డిమంటండీ. ఆ మంటకు అన్నం ఉడకదు. ఊరంతా వెలుగు చేయబోయి ఇంటినిండా పొగ పెడుతున్నారు" అన్నది. నాకు కోపం వచ్చింది. ఆమె మాటలోని నిజం అర్థం కావడానికి మరికొన్ని నెలలు పట్టింది.

అర్థం చేయించినవాడు నా శిష్యుడు. ఏ కార్యాలయమో చెప్పను, అది అనవసరం. 2019 చివరలో ఒకనాడు నేను అక్కడ యథాప్రకారం గొంతు పెంచుతుండగా లోపలినుంచి ఒక గుమాస్తా వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పదవతరగతిలో నా దగ్గర చదివినవాడు. నన్ను పక్కగదిలోకి తీసుకొనిపోయి, మంచినీళ్ళిచ్చి, ఒక లావుపాటి కట్ట ముందు పెట్టాడు.

"కోపం చేసుకోగాకండి సార్. మీరిచ్చిన కాగితాలు యాడికీ పోలేదు, ఈడనే ఉండాయి. ఇది మా పని కాదు, ఫలానా ఆఫీసుకు పంపినామని మీకు జవాబు గూడా రాసినాము. ఆ జవాబు మీద మీరు మళ్ళా ఒక్కనాడన్నా వచ్చి అడిగినారా? వచ్చినప్పుడంతా కొత్త కాగితమే తెస్తిరి."

ఒక్కొక్కటే తిరగేశాను. వాడు చెప్పింది నిజమే. కొన్నింటికి జవాబులు మా ఇంటికే వచ్చాయి. నేను వాటిని చదివి, కోపంతో మూలన పడవేసి, మరుసటి అన్యాయం మీదికి పోయాను. పింఛను ముసలమ్మ కాగితానికి ఇంకొక ధ్రువపత్రం జతచేయమని అడిగారు. అది జతచేసి ఉంటే ఆమెకు పింఛను మళ్ళీ వచ్చేది. నేను జతచేయలేదు. ఆ సంగతి తెలిసేనాటికి ఆమె కూతురి ఊరికి వెళ్ళిపోయింది. ఈ మాట వ్రాస్తుంటే ఇప్పటికీ చేయి వణుకుతుంది. వ్యవస్థలో లోపం లేదని నేననడం లేదు. ఆ కట్టలో నిజంగా నిర్లక్ష్యానికి గురైన కాగితాలు కూడా ఉన్నాయి. కానీ ఆ ముసలమ్మ విషయంలో లోపం నాది. నాకు ఆమె పింఛను కంటె నా ధర్మాగ్రహమే ముఖ్యమైపోయింది.

ఆ తరువాత ఏడాదిపాటు నేను దేనిలోనూ వేలు పెట్టలేదు. ఆపై కరోనా వచ్చి అందరినీ ఇళ్ళలో కూర్చోబెట్టింది గనుక నా విరక్తి ఎవరికీ కనబడలేదు. నాతో పాటు అర్జీలు మోసిన మిత్రుడొకరు, విశ్రాంత పోస్టుమాస్టరు, నాకంటె నెమ్మదస్తుడు, నాకంటె నిజాయితీపరుడు. ఆయన మాత్రం ఆ విరక్తిలోనుంచి బయటికి రాలేదు. ఇప్పుడు పత్రిక కూడా తెప్పించుకోడు. ఎన్నికలనాడు ఓటు వేయడానికీ రాడు. "ఎవడెట్ల పోతే నాకేమప్పా" అంటాడు. ఈ టపా వ్రాయడానికి అసలు కారణం ఆయనే. ఒక ఊళ్ళో పట్టించుకొనేవారు పదిమంది ఉంటే గొప్ప. అందులో ఒకరు ఇట్లా ఆరిపోతే ఆ నష్టం ఏ లెక్కలోనూ చేరదు.

ఇక పద్యం దగ్గరికి వస్తాను. భర్తృహరి నీతిశతకంలో, ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన ఒక ప్రసిద్ధపద్యం ఉంది. విఘ్నాలకు భయపడి అసలు మొదలుపెట్టనివారు అధములనీ, మొదలుపెట్టి విఘ్నం రాగానే మానుకొనేవారు మధ్యములనీ, ఎన్ని విఘ్నాలు వచ్చినా పట్టినది వదలనివారు ధీరులనీ దాని తాత్పర్యం. మనలో చదువని వారుండరు. నేను ప్రతియేటా ఆ పద్యాన్ని పాఠంగా చెప్పి, ధీరుడంటే ఆగనివాడని వ్యాఖ్యానించేవాణ్ణి. ఈమధ్య మళ్ళీ చదివితే నా వ్యాఖ్యానం తప్పనిపించింది. కవి చెప్పినది విడిచిపెట్టకపోవడాన్ని గురించి. ఆగకూడదని ఎక్కడా అనలేదు. విడవడం వేరు, ఆగడం వేరు. దూరప్రయాణంలో సత్రంలో పడుకొన్నవాడు ప్రయాణం మానుకొన్నవాడు కాడు. ఈ రెండింటికీ భేదం తెలియక ముప్ఫైమూడేళ్ళు పిల్లలకు తప్పర్థం చెప్పాను. ఆ తప్పర్థాన్నే ఆచరణలో పెట్టి దెబ్బతిన్నాను.

మా ఆవిడ గడ్డిమంట అన్నప్పుడు నాకు మా అమ్మ దాలి గుర్తుకు రావలసింది. గ్యాసుపొయ్యిలు వచ్చాక పుట్టినవారికి దాలి తెలియదు కాబట్టి చెబుతాను. వసారా మూల ఒక గుంత. అందులో పిడకలు పేర్చి నిప్పు వేసి, మీద పాలకుండ పెట్టేవారు. మంట కనబడదు. పొద్దస్తమానమూ సన్నని సెగ. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, మీద అరచేతి మందాన మీగడ కట్టేది. రాత్రి పడుకోబోయే ముందు అమ్మ ఆ నిప్పు మీద బూడిద కప్పేది. చిన్నప్పుడు నాకది నిప్పును ఆర్పడమే అనిపించేది. తెల్లవారి పుల్లతో బూడిద కదిలిస్తే కింద ఎర్రగా నిప్పుకణిక ఉండేది. పక్కింటివారు పిడక ముక్క పట్టుకొని వచ్చి నిప్పు తీసుకొని పోయేవారు. పత్తికట్టె మంటయినా, జొన్నచొప్ప మంటయినా చూడటానికి నిలువెత్తు లేస్తుంది. నీళ్ళు వేడెక్కేలోపలే ఆరిపోతుంది. వంట తెలిసిన ఆడవారందరికీ తెలిసిన ఈ భేదం నాకు అరవయ్యేళ్ళకు తెలిసింది.

మన సీమలో పుట్టినవారికి మంట మీద మక్కువ ఎక్కువ. అది సహజమే. 1846 జులైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దాడి చేసినది మా కోయిలకుంట్ల ఖజానా మీదనే. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీసినదీ కోయిలకుంట్లలోనే. చనిపోయిన తరువాత కూడా ముప్ఫై ఏళ్ళు, 1877 దాకా, ఆ శిరస్సును కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారంటే కుంఫిణీవారికి ఎంతటి భయమో ఊహించవచ్చు. 2019లో సినిమా వచ్చాక ఆ పేరు దేశమంతా తెలిసింది. ఆయన తిరుగుబాటు కాలం మొత్తం లెక్కించినా ఏడెనిమిది నెలలు. ఆ త్యాగానికి చేతులెత్తి మొక్కుతాను. అయితే అది ప్రాణం పణంగా పెట్టిన యుద్ధం. మురుగుకాలువ కోసం అర్జీ పెట్టే నావంటివాడు ఆ యుద్ధాన్ని తన రోజువారీ పనికి కొలబద్దగా పెట్టుకొంటే అంతా తప్పుతుంది.

అదే ఉయ్యాలవాడలో మరొక పెద్దమనిషి ఉన్నారు, బుడ్డా వెంగళరెడ్డి. 1866 నాటి కరువులో ఆకలితో వచ్చినవారికల్లా అన్నం పెట్టిన దాత. విక్టోరియా మహారాణి బంగారుపతకం పంపిందంటే ఆ దానం సముద్రం దాటి వినబడిందన్నమాట. నాకు మాత్రం ఆ పతకం కంటె ఆ పొయ్యి మీద దృష్టి. కరువులో అన్నం పెట్టడమంటే నిన్న పెట్టినందుకు ఇవాళ ఎవరి ఆకలీ తీరదు. ప్రతి తెల్లవారుజామునా మళ్ళీ నీళ్ళు తోడాలి, మళ్ళీ కట్టెలు పేర్చాలి, మళ్ళీ గింజలు కొలవాలి. వండేవారు, వడ్డించేవారు, ఎసరు చూసేవారు వంతులు వేసుకోకపోతే వారం రోజులు కూడా సాగని పని. ఒకే ఊరు ఇచ్చిన ఇద్దరిలో మనం ఒకరి కథనే బుర్రకథలుగా పాడుకొన్నాం. రెండవవారి దగ్గర నేర్చుకోవలసినది కూడా చాలా ఉంది.

వీరిద్దరినీ తలచుకొన్నాక నాకు మూడవ మనిషి జ్ఞాపకం వచ్చారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. 1883లో కర్నూలులో పుట్టారు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు వందేమాతరం బిళ్ళ పెట్టుకొన్నందుకు అక్కడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలనుంచి ఆయనను వెళ్ళగొట్టారు. పంతులు ఉద్యోగం చేయవలసినవాడు పత్రికాసంపాదకుడయ్యాడు. 1908లో స్వరాజ్య పత్రికలో తిరునల్వేలి కాల్పులను గర్హించిన వ్యాసానికి మూడేళ్ళు కఠినశిక్ష అనుభవించారు. పాతికేళ్ళ వయసులో ఇంత చూసినవాడు ఏమవుతాడు? అయితే మరింత మండి బూడిద అవుతాడు, లేకపోతే విరక్తుడవుతాడు. ఆయన రెండూ కాలేదు. జైలునుంచి వచ్చాక గ్రంథాలయోద్యమం, వయోజనవిద్య, భాష, పత్రికలు పట్టుకొని దాదాపు యాభై ఏళ్ళు పనిచేశారు. మూడేళ్ళ జైలు ఆయనను ప్రసిద్ధుణ్ణి చేసింది. జనానికి దక్కిన ఫలం మాత్రం ఆ యాభై ఏళ్ళది.

ఆ ఉద్యమం నడిచిన తీరే గమనించదగినది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రథమ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూరా తిరిగి సంఘం కట్టారు. పాతూరి నాగభూషణంగారు 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి పల్లెలకు పంపారు. పడవ ఎంత వేగంగా పోతుంది? రేవు రేవుకూ ఆగుతుంది, పుస్తకాలు ఇస్తుంది, పాతవి తీసుకొంటుంది, మళ్ళీ కదులుతుంది. ఒకరు అలసినప్పుడు మరొకరు పట్టుకొన్నారు గనుకనే ఆ పని తరాలు నడిచింది. గాడిచర్లవారు 1960 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ ఏప్రిల్‌లోనే ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయాల చట్టం అమలులోకి వచ్చింది. నెల రోజుల దూరంలో ఆగిపోయారని బాధపడాలా? నేనలా అనుకోను. చట్టం రావడానికి తాను బ్రతికి ఉండవలసిన అవసరం లేనంతగా ఆ పని ఇతరుల చేతుల్లోకి వెళ్ళింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. "ఇదంతా పిరికిపంతులు మాట. నెమ్మదిగా, సన్నసెగన అంటూ కూర్చుంటే అన్యాయం చేసేవాడికే మేలు. మండవలసినప్పుడు మండాలి కదా?" అని. ఆ మాట నేను కొట్టిపారవేయను. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు ఎవరూ విధానాలు ఆలోచించలేదు. చేతికి దొరికిన రొట్టెలు, దుప్పట్లు మూటగట్టుకొని పరుగెత్తారు. అదే ధర్మం. నీళ్ళు తీశాక మాత్రం పరుగెత్తినవారిలో చాలామంది తిరిగి వచ్చేశారు. ఇళ్ళలో బురద ఎత్తిపోయడం, నానిపోయిన కాగితాలు మళ్ళీ పుట్టించుకోవడం నెలల తరబడి సాగిన పని. ఆ నెలల్లో నిలిచినవారు కొద్దిమందే.

నెల్లూరు జిల్లా దూబగుంటను తలచుకోండి. అప్పుడు నేను ఉద్యోగంలో కుదురుకొంటున్న పడుచుపంతులును. 1990ల మొదట్లో ఆ ఊరి ఆడవారు సారాను ఊళ్ళోకి రానీయమని కొంగు బిగించారు. జిల్లాజిల్లాకూ పాకిన ఆ మంట సారాపాటలను ఆపించింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. మంట కాదా అది? మంటే. అయితే ఆ నిప్పు ఎక్కడిది? పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవారు లాంతరు వెలుతురులో రాత్రిబడులలో కూర్చొని అక్షరాలు దిద్దుకొన్నారు. ఆ వాచకంలోని పాఠం చదివి, తమ బ్రతుకును గురించి తాము మాట్లాడుకొన్నారు. గాడిచర్లవారివంటి వారు దశాబ్దాలుగా నమ్మి చేసిన పని ఆ వయోజనవిద్యే. దాలిలో నిప్పున్నది గనుకనే ఊదగానే మంట లేచింది. తిరిగి 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. గెలిచిన పనికి కూడా కాపలా కావాలని ఆ సడలింపు చెప్పింది.

మన నీళ్ళ సంగతి మరీ దీర్ఘమైనది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు ఈ నేలకు రాయలసీమ అని పేరు పెట్టించారు. 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా తుంగభద్రల నీటిలో సీమకు మొదటి హక్కు అని వ్రాసుకొన్నారు. 2016 మే నెలలో సిద్ధేశ్వరం దగ్గర కృష్ణానది మీద అలుగు కట్టాలని వేలమంది రైతులు నడిచిపోయి తామే శంకుస్థాపన చేశారు. ఆ మూడు తేదీల నడుమ ఎనభై ఎనిమిదేళ్ళు. ఒక మనిషి ఆయుస్సులో తీరే పని కాదని ముందే తెలిసినప్పుడు, నా ఒక్కడి కోపంతో ఈ ఏడాదే తీరాలని పట్టుబట్టడం అవివేకం. తీసుకొన్నది చెడకుండా చూసి, తరువాతివారికి అప్పజెప్పడమే మనవంతు.

ఇక నా సంగతి. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడి మాకు జిల్లాకేంద్రం దగ్గరైంది. ఆ యేడే నేను మళ్ళీ సంచీ తీశాను. ఈసారి నలభై పనులు పెట్టుకోలేదు. ఒక్కటే. మా చుట్టుపక్కల ఒక పల్లెలో ఏళ్ళ తరబడి తాళం పడి ఉన్న చదువుల గది. దానిని తెరిపించాలి. మిగిలిన అన్యాయాలు నా కంట పడటం లేదా? పడుతున్నాయి. అడిగినవారికి దారి చెబుతాను, కావలసినప్పుడు సంతకం పెడతాను. మోసేది మాత్రం ఒక్కటే.

మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. స్థానికసంస్థలు వసూలు చేసి దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లించాలి. ఎంత వసూలైంది, ఎంత చెల్లించారు అని 2005 నాటి సమాచారహక్కు చట్టం కింద అడిగాను. ఈ చట్టం నాకు కోపం ఆపుకోవడం నేర్పిన గురువు. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో అడగడానికి రుసుము లేదు, మండలస్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. ముప్ఫై రోజులలో జవాబు రావాలి. రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే తొంభై రోజులలోగా సమాచార కమిషనుకు రెండవ అప్పీలు. ముప్ఫై రోజులు గడువున్నదంటే ఆ ముప్ఫై రోజులూ నేను కోపగించుకోవడానికి వీలులేదు. గోడమీది క్యాలెండరులో తేదీకి సున్న చుట్టి, ఆ రోజు వచ్చేదాకా నా పని నేను చూసుకొంటాను. ఒక అప్పీలు తరువాత జవాబు వచ్చింది. బాకీ ఉన్నది. వాయిదాలలో చెల్లించడానికి ఒప్పుకొన్నారు. రెండు వాయిదాలు వచ్చాయి, మూడవదానికి సున్న చుట్టి పెట్టాను.

గది తెరుచుకొంది. పెద్ద గ్రంథాలయమని ఊహించుకోకండి. ఒక బీరువా, రెండు బల్లలు, జిల్లా సంస్థవారు ఇచ్చిన కొన్ని పుస్తకాలు, ఒక దినపత్రిక. సాయంత్రం ఐదునుంచి ఏడు దాకా, వారానికి ఐదు రోజులు. తాళంచెవులు ఐదుగురి దగ్గర ఉన్నాయి. ఒక అంగన్‌వాడీ టీచరు, ఇద్దరు ఇంటరు చదివే పిల్లలు, ఒక రైతు, నేను. నావంతు బుధవారం. మిగిలిన నాలుగు రోజులూ అక్కడ ఏం జరుగుతుందో నేను అడగను. మొదట్లో చాలా కష్టమైంది. వారు పుస్తకాలు అక్షరక్రమంలో పేర్చరు, అట్టలు వేయరు. నోరు మూసుకొన్నాను. నేను పోయి అన్నీ సర్దితే నాలుగు నెలలకు ఆ నలుగురూ రావడం మానేస్తారు. ఆరవ నెలలో నేనూ మానేస్తాను. అన్నీ నేనే చేయాలన్న పట్టుదల పైకి సేవలాగా కనబడుతుంది. నా విషయంలో మాత్రం అది అహంకారమే.

మేనెలంతా సెలవు. ఎండలకు గది మూసివేస్తాం; నేను కూతురి దగ్గరికి వెళ్ళిపోతాను. మొదటి ఏడు ఈ సెలవు పెట్టినప్పుడు ఏదో అపరాధం చేసినట్లు కుంగిపోయాను. గాంధీగారిని తలచుకొని ధైర్యం తెచ్చుకొన్నాను. దేశమంతా తనవైపు చూస్తున్న రోజులలో కూడా ఆయన సోమవారం మౌనం పాటించేవారు. నా కలహదినం ఆయన మౌనదినమని తెలిసి నవ్వు వచ్చింది. ఇప్పుడు రాత్రి ఎనిమిది దాటితే చేతిఫోనులో వార్తలు చూడను. ఉదయం పత్రిక ఒకసారి చదువుతాను. తెలుసుకోవడానికి అది చాలు. రక్తపోటు మాత్ర మళ్ళీ ఒకటైంది. మా ఆవిడ ఇంట్లో పొగ తగ్గిందని ఒప్పుకొన్నది.

నా పోస్టుమాస్టరు మిత్రుణ్ణి ఇంకా మరచిపోలేదు. నెలకొకసారి ఆయన ఇంటికి పోయి కూర్చొని వస్తాను. ఊరి సంగతులు ఎత్తను. పోయినసారి నేను లేవబోతుంటే తానే, "ఆ గదిలో పత్రిక ఏది తెప్పిస్తున్నారు?" అని అడిగాడు. చెప్పాను. తలాడించి ఊరుకొన్నాడు. అంతకంటె ఏమీ కాలేదు. బూడిద కప్పిన నిప్పును ఆరిన నిప్పని అనుకోకూడదని మా అమ్మ దాలి దగ్గర నేర్చుకొన్నాను గనుక, వచ్చే నెల మళ్ళీ పోతాను.

నవంబరు 14నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. దండలు, ఉపన్యాసాలు, పోటీలు ఎలాగూ ఉంటాయి. వాటి సంగతి ఎలా ఉన్నా, మిత్రులెవరైనా ఆ వారంలో ఒకసారి మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళి ఒక గంట కూర్చొని రండి. తలుపు మూసి ఉంటే ఎవరినీ తిట్టవద్దు. మీవంటివారు మరో నలుగురు ఎక్కడున్నారో వెదకండి. ఈ పని మీరు ఇదివరకే చేస్తున్నట్లయితే, అలసినప్పుడు ఏం చేస్తున్నారో నాకు తెలియజేయండి. ఈ విషయంలో నేనింకా విద్యార్థినే.

ఛందస్సు వ్యాసం వచ్చే నెలలో. ఈసారి మాట తప్పను.